పథ్యం పేరుతో పస్తులు వద్దు



ఈసారి ఒక చిన్న విషయం గురించి వ్రాస్తున్నాము. చిన్నదని మేము కూడా చాలాకాలం అనుకున్నాము. అది క్యాన్సర్‌కు వైద్యం జరుగుతున్న మనిషి ఒంటి బరువు.

కొంతకాలం క్రితం మన జి.కొండూరు మండలంలోని ఒక ఊరి నుండి ఒక అమ్మను ఆమె కొడుకు మా దగ్గరకు తీసుకువచ్చాడు. ఆమెకు పట్నంలో కీమోథెరపీ జరుగుతోంది. మూడు విడతలు అయ్యాయి. నాలుగవ విడతకు వెళితే, ఇంత నీరసంలో మందు ఎక్కించలేము, కాస్త కోలుకున్నాక తీసుకురండి అని అక్కడి డాక్టరుగారు వెనక్కి పంపారు. మేము తూకం వేస్తే 44 కిలోలు ఉంది. పాత కార్డు తీసి చూస్తే వైద్యం మొదలుపెట్టే ముందు 52 కిలోలు.

ఏమి తింటున్నావమ్మా అని అడిగాము. ఆమె నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు. "పథ్యం ఒక్క పూట కూడా తప్పలేదండి. చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నాము" అన్నాడు. ఆ జాగ్రత్త ఏమిటంటే, పప్పు తింటే చీము పడుతుందని పప్పు మానిపించారు. గుడ్డు వేడి అని గుడ్డు మానిపించారు. పెరుగు జలుబు చేస్తుందని పెరుగు, నీచు అని చేప, వాతం అని వంకాయ, గోంగూర మానిపించారు. మిగిలింది పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రికి రెండు బ్రెడ్డు ముక్కలు. శుక్రవారం అది కూడా లేదు. ఉపవాసం.

ఆ అబ్బాయి మీద మాకు కోపం రాలేదు. తల్లి కోసం ఇల్లంతా నోరు కట్టుకున్నారు. తప్పు మాలో కూడా ఉంది. మధ్యలో రెండుసార్లు రక్తపరీక్షకు ఆమె మా దగ్గరకే వచ్చింది. రెండుసార్లూ రక్తం తీశాము, కాగితం చేతికిచ్చాము. పక్కనే ఉన్న తూకం మీద నిలబడమని మాత్రం అనలేదు. అన్నట్లయితే ఆమె ఎనిమిది కిలోలు తగ్గేదాకా ఎవరికీ తెలియకుండా ఉండేది కాదు. ఆ తరువాత ఆమె తిండి మార్చాము. కొన్ని వారాల ఆలస్యంతో వైద్యం మళ్ళీ సాగింది. కాని ఆ వారాలు పోకుండా ఉండవలసింది.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. క్యాన్సర్ వైద్యంలో తిండి, తూకం కూడా మందుతో సమానమే. పథ్యం పేరుతో రోగిని పస్తులు పెట్టడం, ఎంత ప్రేమతో చేసినా, వైద్యానికి అడ్డుపడడమే.

ఒక రోజు ఆసుపత్రిది, ఇరవై రోజులు వంటింటివి

2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మన మెట్ట ప్రాంతం నుండి క్యాన్సర్ వైద్యానికి వెళ్ళేవారు చాలామంది విజయవాడకో, గుంటూరుకో, హైదరాబాదుకో వెళతారు. హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. 2000 సంవత్సరంలో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవారికి కూడా ఈ వైద్యం అందుబాటులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. ఇది ఎంతో మేలు.

అయితే ఒక లెక్క చూడండి. చాలా రకాల కీమోథెరపీ మూడు వారాలకు ఒకసారి ఇస్తారు. అంటే 21 రోజులలో ఒకటి రెండు రోజులు మాత్రమే రోగి ఆ పెద్ద ఆసుపత్రిలో ఉంటారు. మిగిలిన రోజులన్నీ ఇంటిలోనే. పెద్ద డాక్టరుగారు మందు ఎక్కించి పంపుతారు. ఆ మందును తట్టుకునే శక్తి తయారు కావలసింది మన వంటింటిలో. పథకం ఆసుపత్రి ఖర్చు చూస్తుంది గాని మన పొయ్యి మీద ఏమి ఉడుకుతుందో చూడదు గదా.

బరువు ఎందుకు ముఖ్యం

మొదటి కారణం, చాలా కీమో మందుల మోతాదును రోగి ఎత్తు, బరువు చూసి లెక్క వేస్తారు. బరువు బాగా మారితే ఆ లెక్క కూడా మళ్ళీ చూడవలసి వస్తుంది.

రెండవ కారణం, తగ్గిన బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ పోతే మంచం మీద నుండి లేవడానికే ఓపిక ఉండదు. పుండు త్వరగా మానదు, రోగనిరోధక శక్తి తగ్గుతుంది, మందు దుష్ఫలితాలు ఎక్కువగా కనబడతాయి. అప్పుడు విడతలు వాయిదా పడతాయి, లేదా మోతాదు తగ్గించవలసి వస్తుంది.

ఇది ఈనాటి మాట కాదు. 1980లో అమెరికా వైద్యులు 3,047 మంది క్యాన్సర్ రోగుల వివరాలు పరిశీలించి ఒక నివేదిక ప్రచురించారు. కీమో మొదలుకాక ముందే బరువు తగ్గినవారు, తగ్గనివారికంటే చాలా రకాల క్యాన్సర్లలో తక్కువకాలం బ్రతికారని అందులో తేలింది.

మరి ఎంత తగ్గితే భయపడాలి? ప్రయత్నం చేయకుండానే ఆరు నెలల లోపు నూటికి ఐదు వంతుల కంటే ఎక్కువ తగ్గితే అది హెచ్చరిక. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. ముందే సన్నగా ఉన్నవారికి నూటికి రెండు వంతులు దాటినా లెక్కలోకే వస్తుంది. కాబట్టి "జబ్బు గదా, ఆ మాత్రం చిక్కకుండా ఎలా ఉంటారు" అని సరిపెట్టుకోవద్దు.

కొంచెం లావుగా ఉన్నవారు ఇంకో మాట అంటారు. "ఎలాగూ తగ్గమని డాక్టర్లు ఎప్పటినుండో చెబుతున్నారు, ఈ వంకతో తగ్గితే మంచిదే గదా" అని. అది పొరపాటు. వైద్యం మధ్యలో తిండిలేక తగ్గితే ముందుగా పోయేది కండ. పైకి లావుగానే కనిపిస్తారు, లోపల బలం ఉండదు. వైద్యం జరిగినంతకాలం, మొదలుపెట్టిననాటి బరువును నిలుపుకోవడమే చాలామందికి సరైన గురి.

లంఖణం అన్నిటికీ ఔషధం కాదు

లంఖణం పరమౌషధం అని మన పెద్దలు అన్నారు. ఒకనాటి అజీర్ణానికి, ఒక పూట కడుపు ఉబ్బరానికి ఆ మాట సరిపోతుందేమో. ఆరు నెలలు సాగే వైద్యానికి సరిపోదు. పచ్చకామెర్లకు పథ్యం, బాలింతకు పథ్యం, నాటుమందుకు పథ్యం చూసి చూసి, ఏ పెద్ద జబ్బు వచ్చినా ముందు తిండి తగ్గించాలనే అలవాటు మన ఇళ్ళలో పడిపోయింది. పెద్ద జబ్బుకు పెద్ద పథ్యం అనుకుంటున్నాము. అక్కడే దెబ్బ తింటున్నాము.

పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వలన. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులోనే ఉన్నాయి. బాగా ఉడికిన గుడ్డు వేడి చేయదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మంచి మాంసకృత్తులు ఉంటాయి. ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు నోరు పూసినవారికి చాలా సుఖంగా ఉంటుంది. అన్నం మానితే క్యాన్సర్ మాడిపోతుంది, పంచదార మానితే గడ్డ కరిగిపోతుంది అనే మాటలు కూడా వింటున్నాము. గడ్డను మాడ్చాలని మనిషిని మాడ్చితే, ఆ గడ్డ తనకు కావలసినది మన కండలో నుండే తీసుకుంటుంది. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో పెట్టుకోవలసిందే. అది వేరే సంగతి.

ఇక లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం. పరగడుపున గ్లాసెడు చేదు రసం త్రాగించి, ఆపై వాంతి వచ్చి ఆ పూట భోజనమే పోతే ఎవరికి లాభం? పైగా ఇలాంటివి కొన్ని కీమో మందులతో కలిసి లివరుకు హాని చేయవచ్చు. ఎవరు ఏది ఇచ్చినా, త్రాగే ముందు మీ క్యాన్సర్ డాక్టరుగారికి చెప్పండి. చాటుగా మాత్రం త్రాగకండి.

మన తెలుగువారి కథే ఒకటి

కీమోథెరపీ మొదటి రోజులలో ఒక తెలుగువాని పేరు ఉందని మనలో ఎంతమందికి తెలుసు? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు వచ్చి తగ్గింది.

తరువాత ఆయన అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకుడయ్యారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమినును తయారుచేసింది. స్ప్రూ జబ్బుకు అది మందయింది. అదే బృందం ఆ విటమిను పనిని అడ్డుకునే మందులను కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

ఈ కథలో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, ఇలాంటి మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతోపాటు మన నోటి పొర, పేగు పొర కూడా వేగంగా పెరిగేవే. అందుకే నోరు పూస్తుంది, రుచి పోతుంది, విరేచనాలు అవుతాయి. రోగి తిననంటే అది మొండితనం కాదు, మందు చేసే పని. రెండు, విటమిను బిళ్ళలు కూడా మందులే. బలానికని మీ అంతట మీరు కొని వేయకండి. కొన్ని మందుల పనికి అవి అడ్డురావచ్చు. అడిగి వేయండి.

ఉపవాస ప్రార్థన గురించి

ఈ మాట వ్రాయాలా వద్దా అని ఆలోచించాము. వ్రాయడమే మంచిదనిపించింది. రోగి స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసం ఉండడం మన కుటుంబాలలో ఉన్నదే. శ్రమదినాలలో నలభై రోజులు ఉండేవారు కూడా ఉన్నారు. ఆ భక్తిని మేము తక్కువ చేయడం లేదు. కాని కీమో, రేడియేషన్ జరుగుతున్నవారు పస్తు ఉండకూడదు. వారి బదులు ఆరోగ్యంగా ఉన్నవారు ఉండండి. వారి పక్కన కూర్చుని ప్రార్థన చేసి, లేచేటప్పుడు ఒక గ్లాసు రాగిజావ వారి చేతికివ్వండి.

యాయీరు కుమార్తెను బ్రతికించిన తరువాత ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని ప్రభువు చెప్పిన సంగతి మీకు తెలుసు. స్వస్థత పొందిన బిడ్డకే తిండి అవసరమైతే, ఇంకా వైద్యంలో ఉన్నవారికి ఎంత అవసరమో ఆలోచించండి. సంఘకాపరులు ఈ మాట ఆదివారం నాడు ఒక్కసారి చెబితే, మేము వార్డులో పదిసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఏమి పెట్టాలి

వైద్యం జరిగే రోజులలో మనిషికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుండి 30 కేలరీలు, 1 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 1500 నుండి 1800 కేలరీలు, కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అన్నమాట.

ఇది డబ్బా పొడులు కొంటేగాని రాదనుకోకండి. రోజంతటికీ పావుకిలో బియ్యం, 60 గ్రాముల కందిపప్పు, రెండు గుడ్లు, పాలు పెరుగు కలిపి అరలీటరు, ఒక గుప్పెడు వేరుశెనగపప్పు, కూరలోకి, అన్నంలోకి మూడు చెంచాల నూనె లేక నెయ్యి. ఇంతే. లెక్క సరిపోతుంది. ఏ రోజైనా చేప గాని కోడి గాని దొరికితే ఇంకా మంచిది. వీటికి తోడు ఆకుకూర, కాయగూర, ఒక పండు ఉండాలి.

తక్కువ తినేవారికి తక్కువలోనే ఎక్కువ బలం పెట్టాలి. చారన్నం బదులు ముద్దపప్పు అన్నంలో నెయ్యి. ఉత్తి గంజి బదులు పాలు, బెల్లం వేసిన రాగిజావ. ఉత్తి టీ బదులు పాలు. ఇడ్లీ మీద వేరుశెనగ పచ్చడి. పలుచని ఉప్మా బదులు పెసరట్టు. సాయంత్రం ఒక సున్నుండ, లేదా ఒక నువ్వుల చిమ్మిలి ఉండ. ఒక చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలు ఉంటాయి. అన్నం పెంచలేనప్పుడు ఆ చెంచాతోనైనా కొంత పూడ్చవచ్చు.

శుభ్రత మాత్రం మరువకండి. కీమో తరువాత ఒక వారం పది రోజులకు రక్తంలో తెల్లకణాలు తగ్గుతాయి. అప్పుడు కాచి చల్లార్చిన నీరు, వేడివేడిగా వండినది, తొక్క తీసిన పండు పెట్టండి. బండి మీద కోసి పెట్టిన పండ్లు, నిన్నటి కూర వద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

తినలేనప్పుడు

మూడుపూటలా కంచం నింపి ఎదురుగా కూర్చుని, తిను తిను అని సతాయిస్తే ఉన్న ఆకలి కూడా పోతుంది. రెండు గంటలకొకసారి, ఆరేడుసార్లు, కొంచెం కొంచెం పెట్టండి. చాలామందికి పొద్దున కాస్త ఓపిక ఉంటుంది. కాబట్టి ముఖ్యమైన తిండి పొద్దునే పెట్టండి.

వికారం ఉంటే డాక్టరుగారు ఇచ్చిన వాంతి బిళ్ళను వాంతి అయ్యాక కాదు, తినడానికి అరగంట ముందు వేయండి. పోపు వాసన పడకపోతే రోగి పడుకున్న గదికి దూరంగా వండండి. చల్లారిన పెరుగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ వంటివి వాసన కొట్టవు. నీళ్ళు భోజనంతో కాకుండా భోజనాల మధ్యలో త్రాగించండి. లేకపోతే నీళ్ళతోనే కడుపు నిండిపోతుంది.

నోరు పూస్తే ఆవకాయ, పచ్చిమిరప, పులుసులు కొంతకాలం ప్రక్కన పెట్టక తప్పదు. మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ పెట్టండి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మించండి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇచ్చి, వెంటనే మాకు చూపించండి.

కీమోకు వెళ్ళే రోజున చాలామంది తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బస్సు ఎక్కుతారు. తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. రోజంతా తిండి ఉండదు. పరగడుపున రమ్మని చెబితే తప్ప, ఏదో కొంచెం తినే బయలుదేరండి. ఒక క్యారేజీలో ఇడ్లీయో పెరుగన్నమో తీసుకుపొండి.

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ఉన్నవారికి ఆరేడు వారాలు రేడియేషన్ ఇస్తారు. మింగడం కష్టమైతే ముక్కు ద్వారా గొట్టం వేద్దామని డాక్టరుగారు అంటారు. వెంటనే ఇంటివారు ఏడుస్తారు. గొట్టం వేశారంటే ఇక ఆశ లేదనుకుంటారు. అది నిజం కాదు. వైద్యం పూర్తయ్యేదాకా ఒంటిలో బలం నిలబెట్టడానికే ఆ గొట్టం. వైద్యం పూర్తయి మింగడం కుదురుకున్న తరువాత తీసేస్తారు. దయచేసి వద్దనకండి.

బరువు పెరిగేవారు

అందరూ తగ్గిపోరు. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకునే స్త్రీలలో చాలామందికి బరువు పెరుగుతుంది. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆకలిని పెంచుతాయి. నెలసరి ఆగడం, పని తగ్గించి పడుకోవడం కూడా కారణాలు. చూడడానికి వచ్చిన ప్రతివారు మిఠాయి డబ్బా తెస్తారు. వీరికి కూడా పస్తు మందు కాదు. పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు అలాగే ఉంచి, వేపుళ్ళు, మిఠాయిలు, తీపి టీలు తగ్గించాలి. ఓపిక ఉన్నమేర పొద్దున, సాయంత్రం నడవాలి. నడక సన్నగా ఉన్నవారికి కూడా మంచిదే. తిన్నది కండగా మారాలంటే ఆ కండకు కాస్త పని ఉండాలి.

ఒక జాగ్రత్త. రెండు మూడు రోజులలోనే రెండు కిలోలు పెరిగి, కాళ్ళు వాచినా, పొట్ట ఉబ్బినా అది బలం కాదు, నీరు. వెంటనే చూపించండి.

ఇంకొక జాగ్రత్త. మనకు దగ్గరలోనే ఎ.కొండూరు మండలం తండాలలో ఎంతోమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న సంగతి తెలిసిందే. కిడ్నీ జబ్బు ఉన్నవారు పైన వ్రాసిన పప్పు, గుడ్ల లెక్కను తమంతట తాము పాటించకూడదు. వారికి ఎంత పెట్టాలో డాక్టరుగారే చెప్పాలి. మధుమేహం ఉన్నవారు కూడా బెల్లం, జావల విషయం అడిగి చేయండి.

తూకం ఎలా చూడాలి

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళ, ఒకే తూకం మీద. పొద్దున మలమూత్రాలకు వెళ్ళివచ్చాక, చెప్పులు విడిచి, పలుచని బట్టలతో నిలబడండి. ఇంట్లో యంత్రం లేకపోతే ఊరిలోని హెల్త్ క్లినిక్‌కు వెళ్ళండి. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం. అమ్మాయిని అడగండి. అదీ కుదరకపోతే ఎరువుల కొట్టులోని కాటా అయినా ఫరవాలేదు. ప్రతిసారి అదే కాటా అయితే చాలు. తేదీ, బరువు ఒక నోటు పుస్తకంలో వ్రాసి, ఆ పుస్తకం కీమోకు వెళ్ళేటప్పుడు ఫైలులో పెట్టండి. వారంలో ఒక కిలో తగ్గితే తరువాతి విడతదాకా ఆగకండి, ముందే చెప్పండి.

మా వైపు నుండి కూడా ఒక మాట ఇస్తున్నాము. ఇకమీదట క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారు రక్తపరీక్షకు వచ్చినా, కట్టు మార్చుకోవడానికి వచ్చినా, ముందు తూకం వేసి కార్డులో వ్రాస్తాము. మేము మరచిపోతే మీరు అడగండి. అడగడం మీ హక్కు.

చివరిగా, చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉంది. జబ్బు బాగా ముదిరినప్పుడు ఎంత పెట్టినా బరువు నిలవని దశ వస్తుంది. ఒంటిలో జరిగే మార్పుల వలన తిన్నది కండగా మారదు. అప్పుడు ఇంటివారు మేము సరిగా చూసుకోలేదేమో అని కుమిలిపోనవసరం లేదు. రోగిని బలవంతంగా తినిపించి బాధపెట్టనవసరమూ లేదు. ఇష్టమైనది రెండు ముద్దలు, ఎండాకాలమైతే ఒక మామిడిపండు రసం, పక్కన ఒక మనిషి. ఆ దశలో తిండి బరువు కోసం కాదు, ఆదరణ కోసం. అయితే ఆ దశ వచ్చిందని నిర్ణయించవలసింది డాక్టరు, పక్కింటివారు కాదు. అంతవరకు కంచం తీసివేయకండి.

ఆ అమ్మ కొడుకు మొన్న మళ్ళీ కనిపించాడు. "ఇప్పుడు పథ్యం ఏమిటి?" అని నవ్వుతూ అడిగాము. "రోజుకు రెండు గుడ్లండి, శుక్రవారం కూడా" అన్నాడు. ఈ పత్రిక చదువుతున్న మీ వీధిలో, మీ సంఘంలో ఇలాంటి వైద్యంలో ఉన్నవారు ఒకరైనా ఉంటారు. ఈ వారం వారిని చూడడానికి వెళ్ళినప్పుడు మిఠాయి డబ్బాకు బదులు ఒక డజను గుడ్లు తీసుకువెళ్ళండి. కూర్చున్నాక, బరువు ఎప్పుడు చూసుకున్నారమ్మా అని ఒక్క మాట అడగండి.